షెల్ఫ్ అంచు దాటే నీరు: కొలత ఎక్కడ తప్పుతుంది?

(రికార్డింగ్ నుంచి రాసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ పూట ఒకే ఒక్క ప్రశ్న గురించి మాట్లాడుకుందాం. తీరాన్ని ఆనుకుని లోతు తక్కువగా ఉండే షెల్ఫ్ మీది నీరు, దాని బయట ఉన్న లోతైన సముద్రపు నీరు ఒకదానికొకటి ఎంత చొప్పున మారుతున్నాయి? ఎంత అన్నాను, గమనించండి. మారుతున్నాయా లేదా అని అడగడం లేదు. మారుతున్నాయని అందరికీ తెలుసు. షెల్ఫ్ మీద నాచుజీవులు పెరగాలంటే లోతు నుంచి నైట్రేటు పైకి రావాలి. నది తెచ్చిన మంచినీరు ఎప్పటికీ తీరంలోనే ఉండిపోదు కాబట్టి అది బయటికి పోవాలి. నైట్రేటు వస్తోంది, మంచినీరు పోతోంది. సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లు? అక్కడే చిక్కు.

షెల్ఫ్ అంచు అంటే అడుగు ఒక్కసారిగా వాలు తిరిగే చోటు. ఎక్కువ తీరాల్లో 100 నుంచి 200 మీటర్ల లోతులో ఉంటుంది, సగటున 130 మీటర్ల దగ్గర అనుకోండి. దాన్ని దాటగానే వాలు మొదలవుతుంది. కొన్ని కిలోమీటర్లలోనే లోతు రెండింతలు, మూడింతలు అవుతుంది.

మరి నీరు ఆ అంచును సులువుగా ఎందుకు దాటదు? భూమి తిరుగుతోంది కాబట్టి. నిదానంగా, పెద్ద ఎత్తున కదిలే నీరు ఒక నిలువు స్తంభంలా కదులుతుంది. 130 మీటర్ల లోతు నుంచి 260 మీటర్ల లోతుకు పోవాలంటే ఆ స్తంభం రెండింతలు సాగాలి. సాగిన మేరకు దాని మొత్తం భ్రమణం, అంటే భూమి ఇచ్చింది, తనకున్నది కలిపి, అదీ రెండింతలు కావాలి. ఘర్షణ లేకుండా, మామూలు పీడన తేడాలతో అది జరగని పని. అందుకని నీరు పక్కకు తిరిగి సమలోతు రేఖ, అంటే ఒకే లోతున్న చోట్లను కలిపే గీత, దాని వెంటే పోతుంది. అంచు పొడవునా పోతుంది గానీ అడ్డంగా దాటదు.

దాటే నీరు ఏదైనా సరే, ఈ నియమాన్ని ఎక్కడో ఒకచోట తప్పించుకున్నదే. పైన గాలి రాపిడి వల్ల కావచ్చు, కింద నేల రాపిడి వల్ల కావచ్చు. ఆటుపోట్లు, నీటి పొరల మధ్య పుట్టే అంతర్గత అలలు, సుడులు లాంటి వేగంగా మారే కదలికల వల్ల కావచ్చు. లేదా అడుగున లోయ ఉండి సమలోతు రేఖే మెలిక తిరగడం వల్ల కావచ్చు. వీటిలో దేన్ని కొలుస్తున్నామో ముందే అనుకోకుండా పరికరాన్ని నీళ్లలో దించితే, ఏడాది తర్వాత చేతికి అంకెలు వస్తాయి, జవాబు మాత్రం రాదు.

మూడు డిగ్రీల సంగతి

ఒక లెక్క వేద్దాం. కాగితం ఉన్నవాళ్లు రాసుకోండి. ఈ రోజు చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

అంచు వెంట ప్రవాహం సెకనుకు 30 సెంటీమీటర్లు అనుకుందాం. బలమైనదే గానీ అరుదైనదేమీ కాదు. మీ పరికరం దిక్కు మూడు డిగ్రీలు తప్పిందనుకోండి. మూడు డిగ్రీల సైన్ 0.052. ముప్పైని దానితో గుణిస్తే సెకనుకు 1.6 సెంటీమీటర్లు. అంటే అసలు అంచు దాటే ప్రవాహమే లేకపోయినా, మీ రికార్డులో 1.6 సెంటీమీటర్లు దాటుతున్నట్టు కనిపిస్తుంది. లోతు వంద మీటర్లయితే, తీరం పొడవు మీటరుకు సెకనుకు 1.6 ఘనపు మీటర్లు.

ఇది పెద్దదా, చిన్నదా? గాలితో పోల్చి చూద్దాం. గాలి రాపిడి చదరపు మీటరుకు 0.1 న్యూటన్, అంటే ఓ మోస్తరు గాలి. భూభ్రమణ ప్రభావాన్ని చెప్పే కొరియోలిస్ గుణకం మధ్య అక్షాంశాల్లో సెకనుకు 0.0001. రాపిడిని సాంద్రతతోనూ, ఈ గుణకంతోనూ భాగించండి. మీటరు తీరానికి సెకనుకు దాదాపు ఒక ఘనపు మీటరు వస్తుంది. ఎక్‌మన్ అనే సముద్ర శాస్త్రవేత్త 1905లో ఇచ్చిన సూత్రం ఇదే. ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. గాలి నిజంగా దాటించేది ఒకటి. దిక్సూచి తప్పు వల్ల దాటినట్టు కనిపించేది 1.6. తప్పే నిజం కంటే పెద్దది! ధ్వనిని పంపి వేర్వేరు లోతుల్లో ప్రవాహాన్ని కొలిచే పరికరం ఏడీసీపీ. మామూలు ఏడీసీపీలో ఫ్లక్స్‌గేట్ దిక్సూచికి తయారీదారు చెప్పే ఖచ్చితత్వమే రెండు డిగ్రీల చుట్టూ ఉంటుంది. మూడు డిగ్రీలంటే అసాధారణమైన పొరపాటు కాదు, రోజువారీ పొరపాటే.

ఆ ఒక్క ఘనపు మీటరును తక్కువగా చూడకండి. వెయ్యి కిలోమీటర్ల తీరానికి అది సెకనుకు పది లక్షల ఘనపు మీటర్లు.

కాబట్టి మొదటి పని దిక్సూచి. ఇది ఒడ్డునే చేయాలి. పరికరంలో వేయబోయే బ్యాటరీలే వేసి, దిగబోయే ఫ్రేములోనే బిగించి, నెమ్మదిగా పూర్తి వృత్తం తిప్పుతూ క్రమాంకనం చేయండి. వేరే బ్యాటరీలతో చేసింది లెక్కలోకి రాదు. ఎందుకంటే బ్యాటరీ సెల్లుల స్టీలు తొడుగులకు కొంత అయస్కాంతత్వం ఉంటుంది, ప్యాకు మారితే అదీ మారుతుంది. చుట్టుపక్కల వాహనాలు ఉండకూడదు. కాంక్రీటు నేల మీద చేయకండి, లోపల ఇనుప చువ్వలుంటాయి. ఓడ డెక్ మీద అసలే వద్దు. ఫ్రేము అల్యూమినియందో, టైటానియందో, ఫైబర్‌గ్లాసుదో అయితే మంచిది. స్టీలు లంగరు బరువులు పరికరం తల నుంచి వీలైనంత దూరంగా ఉండాలి.

తిప్పేటప్పుడు పది పది డిగ్రీలకు ఆగి, బయటి దిక్కుతో పోల్చి పట్టిక రాసుకోండి. తప్పు అన్ని దిక్కుల్లో ఒకేలా ఉంటే తర్వాత తీసేయొచ్చు. ఒక దిక్కున రెండు ఎక్కువ, ఎదురు దిక్కున రెండు తక్కువ వస్తుంటే దగ్గర్లో ఇనుము ఉన్నట్టు. పరికరాన్ని పైకి తీశాక, బ్యాటరీలు విప్పకముందే, ఇదంతా మళ్లీ చేయాలి. ఈ రెండోసారి చేసేవాళ్లు చాలా తక్కువమంది. అలసిపోయి ఉంటారు, డేటా చూడాలని ఆత్రం ఉంటుంది. కానీ ముందూ వెనకా రెండు పట్టికలు ఉంటేనే మధ్యలో దిక్కు జరిగిందో లేదో తెలుస్తుంది.

అయస్కాంత ఉత్తరం నుంచి భూగోళ ఉత్తరానికి సవరణ ఒక్కసారే చేయాలి. పరికరంలో ఒకసారి, ప్రోగ్రాములో ఇంకోసారి చేసి, రెండింతలు తిప్పేయడం మామూలుగా జరిగే తప్పు. పరికరంలో సున్నా పెట్టి, తర్వాత లెక్కలో, ఆ చోటుకూ ఆ తేదీకీ ప్రపంచ అయస్కాంత నమూనా ఇచ్చిన విలువ వాడడమే మేలు.

ఓడకు బిగించిన ఏడీసీపీ సంగతి ఇంకా కఠినం. ఓడ సెకనుకు ఐదు మీటర్ల వేగంతో పోతుంటే, బిగింపులో ఒక్క డిగ్రీ తేడా ఉన్నా అడ్డంగా సెకనుకు 8.7 సెంటీమీటర్ల అబద్ధపు ప్రవాహం పుడుతుంది. ఒకే గీత మీద వెళ్లి, వెంటనే వెనక్కి వచ్చి, రెండింటి తేడా నుంచి ఆ కోణాన్ని తీయాలి. అడుగు అందే లోతులో నేలను ఆధారంగా తీసుకుని కూడా తీయొచ్చు.

ఇప్పుడు మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. దిక్సూచి నూటికి నూరు పాళ్లు సరిగ్గా ఉందనుకుందాం. అంచుకు అడ్డం అంటే ఏ దిక్కు? మ్యాపులో గీత చూసి చెబుతారా? ఏ మ్యాపు? కిలోమీటరు ఎడంతో కొలిచిన లోతుల మ్యాపులో గీత ఒక దిక్కు చూపిస్తుంది, పది కిలోమీటర్లకు సగటు తీస్తే ఇంకో దిక్కు చూపిస్తుంది. పది డిగ్రీల తేడా తేలిగ్గా వస్తుంది. నీటి స్తంభం చిన్న చిన్న మెలికలను పట్టించుకోదు. కాబట్టి ఐదు నుంచి పది కిలోమీటర్ల మేరకు నునుపు చేసిన లోతుల నుంచి దిక్కు తీయండి. ఆటుపోట్లు తీసేసిన ప్రవాహపు ప్రధాన అక్షంతో దాన్ని పోల్చండి. రెండూ రెండు, మూడు డిగ్రీల లోపు కలిస్తే ముందుకు పోవచ్చు. కలవకపోతే ఆ చోట అడ్డం అనే మాటకే అర్థం తేలలేదన్నమాట. అక్కడ నికర ప్రవాహం చెప్పకపోవడమే మర్యాద.

దీనికి ఒక ఉపాయం ఉంది. ప్రతి క్షణం లోతంతటికీ సగటు అడ్డ ప్రవాహాన్ని లెక్కించి, ప్రతి లోతు నుంచి తీసేయండి. వెంట పోయే ప్రవాహం పై నుంచి కింద దాకా ఒకేలా ఉంటే, దిక్కు తప్పు వల్ల వచ్చే అబద్ధం కూడా అన్ని లోతుల్లో ఒకేలా ఉంటుంది కాబట్టి మొత్తం కొట్టుకుపోతుంది. మిగిలేది పైన బయటికి, కింద లోపలికి లాంటి నిలువు తేడా. పైకీ కిందకీ సెకనుకు పది సెంటీమీటర్ల తేడా ఉంటే మూడు డిగ్రీలకు మిగిలే తప్పు అర సెంటీమీటరు. ముందటి 1.6 కన్నా చాలా నయం. కానీ దీనికి మూల్యం ఉంది. లోతంతా కలిసి ఒకేవైపు దాటే నీరు, అంటే సుడి ఒకటి వచ్చి మొత్తం స్తంభాన్నే లాక్కుపోవడం లాంటిది, ఈ లెక్కలో కనబడదు. అమెరికా ఈశాన్యాన న్యూ ఇంగ్లండ్ తీరం బయట గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చని ప్రవాహం నుంచి విడివడిన వెచ్చని వలయాలు షెల్ఫ్ నీటిని పొడవాటి పాయలుగా బయటికి లాగుతుంటాయి. అలాంటి చోట ఈ ఉపాయం వాడితే అసలు సరుకే పారేసినట్టు.

కనిపించని రెండు పొరలు

రెండో ఇబ్బంది చూద్దాం. నీరు ఎక్కడ దాటుతుందన్నాను? పైన గాలి పొరలో, కింద నేల పొరలో. ఇప్పుడు అడుగున కూర్చుని పైకి చూసే ఏడీసీపీకి కనబడనివి ఏవో చెప్పండి చూద్దాం. సరిగ్గా ఆ రెండే!

పైన ఎందుకు కనబడదంటే, ధ్వని కిరణాలు నిలువు నుంచి 20 డిగ్రీలు వంగి పోతాయి. పక్కకు చిందే కొంత ధ్వని నిట్టనిలువుగా పోయి నీటి ఉపరితలానికి ముందే తగిలి తిరిగొస్తుంది. ఆ ప్రతిధ్వని బలమైనది, అసలు సంకేతాన్ని మింగేస్తుంది. అందుకే దూరంలో చివరి ఆరు శాతం పనికిరాదు. 130 మీటర్లకు అది దాదాపు ఎనిమిది మీటర్లు. కిరణాలు 25 డిగ్రీలైతే తొమ్మిది శాతానికి పైగా పోతుంది.

కింద సంగతి పౌనఃపున్యాన్ని బట్టి ఉంటుంది. పరికరం లోతును సమానమైన ముక్కలుగా చేసి కొలుస్తుంది, ఒక్కో ముక్క ఒక బిన్. 75 కిలోహెర్ట్జ్ పరికరం చాలా దూరం చూస్తుంది గానీ, ఎనిమిది మీటర్ల బిన్‌తో దాని మొదటి బిన్ మధ్యభాగమే 15 మీటర్ల దాపున మొదలవుతుంది. 300 కిలోహెర్ట్జ్‌కు మొదటి బిన్ నాలుగు మీటర్ల దగ్గరే ఉంటుంది. అయితే నీరు తేటగా ఉండి, చెదరగొట్టే రేణువులు తక్కువైతే వంద మీటర్ల చుట్టూనే దాని చూపు ఆగిపోతుంది. ఒకటి కింద గుడ్డిది, ఇంకొకటి పైన గుడ్డిది. ఒకే పరికరానికి డబ్బుంటే 150 కిలోహెర్ట్జ్ మధ్యేమార్గం. రెండు పెట్టగలిగితే పైకి చూసేది ఒకటి, అడుగు నుంచి కొన్ని మీటర్ల ఎత్తులో వేలాడుతూ కిందికి చూసే అధిక పౌనఃపున్యపుది ఒకటి పెట్టండి.

కింది పొర అంత ముఖ్యమా అనుకుంటున్నారేమో. లెక్క చూద్దాం. అడుగు ప్రవాహం సెకనుకు 20 సెంటీమీటర్లు, రాపిడి గుణకం 0.0025. రాపిడి చదరపు మీటరుకు మళ్లీ 0.1 న్యూటన్ వస్తుంది. మోస్తరు గాలికి ఎంత ఉందో అంతే! దాటేది కూడా మీటరు తీరానికి అదే ఒక్క ఘనపు మీటరు. ఉత్తరార్ధగోళంలో షెల్ఫ్‌ను కుడివైపు పెట్టుకుని పోయే వాలు ప్రవాహం కింద, నేల పొరలోని నీరు ఎడమకు, అంటే వాలు దిగి బయటికి జారుతుంది. ఐరోపా వాయవ్య అంచున ఉత్తరంగా పోయే ప్రవాహం కింద జరిగేది ఇదే. పైనున్న గాలి రోజుకో తీరుగా మారుతుంది. ఈ జారుడు మాత్రం ప్రవాహం ఉన్నన్నాళ్లూ నడుస్తూనే ఉంటుంది. నీటి పొరలు సాంద్రతతో గట్టిగా విడిపోయి ఉన్న కాలంలో ఆ నేల పొర మందం పదీ పదిహేను మీటర్లే కావచ్చు. 75 కిలోహెర్ట్జ్ పరికరం దాన్ని మొత్తం వదిలేస్తుంది.

పైన పోయిన ఎనిమిది మీటర్లను ఎలా పూరిస్తారు? పై బిన్ విలువనే నీటిమట్టం దాకా పొడిగిస్తే గాలి దాటించేది తక్కువగా వస్తుంది. వాలు గీత పొడిగిస్తే ఒక్కోసారి వింత అంకెలు వస్తాయి. రెండు పద్ధతుల్లోనూ చేసి, తేడాను తప్పు పరిమితిగా రాయడం నిజాయితీ. బోయా కింద ఐదు మీటర్ల లోతులో ఒక్క ప్రవాహమాపకం వేలాడదీస్తే ఈ గొడవ చాలావరకు తీరుతుంది. రేడియో రాడార్ కూడా పైపొరను చూపుతుంది, కానీ మరీ పైన. ఐదు మెగాహెర్ట్జ్ రాడార్ చూసేది ముప్పై మీటర్ల పొడవున్న అలలను. వాటి వేగంలో కలిసే ప్రవాహం పై రెండు, మూడు మీటర్లదే. దాన్ని ఎనిమిది మీటర్లకు ప్రతినిధిగా తీసుకోకండి.

అడుగు మీద పెట్టే ఫ్రేము ట్రాల్ వలకు చిక్కని ఆకారంలో ఉండాలి. షెల్ఫ్ అంచు చేపలు పట్టేవాళ్లకు ఇష్టమైన చోటు. వల తగిలి ఫ్రేము వంగితే పరికరం పని చేస్తూనే ఉంటుంది, ప్రవాహం కూడా నమోదవుతూనే ఉంటుంది. కాబట్టి ముందుగా వంపు కోణాల రికార్డు చూడండి. ఒక రోజున వంపు రెండు డిగ్రీల నుంచి పన్నెండుకు ఎగిరి అక్కడే నిలిచిపోతే, ఆ రోజు నుంచి బిన్‌ల లోతులు మళ్లీ లెక్కించాలి. దిక్కును అసలు నమ్మకూడదు.

ఆటుపోట్ల వడపోత గురించి క్లుప్తంగా చెబుతాను, ఇది మీలో చాలామందికి తెలిసిందే. చంద్రుడి ప్రధాన పోటు 12.42 గంటలది. దాన్ని తీయడానికి 33 నుంచి 40 గంటల వడపోత, అంటే అంతకన్నా వేగంగా ఊగేవాటిని తీసేసే లెక్క, వాడతారు. మధ్య అక్షాంశాల్లో సరిపోతుంది. కానీ భూభ్రమణం వల్ల పుట్టే జడత్వ డోలనం కాలం 12 గంటలను అక్షాంశపు సైన్‌తో భాగిస్తే వస్తుంది. 30 డిగ్రీల దగ్గర 24 గంటలు. 15 డిగ్రీల దగ్గర 46 గంటలు. 10 డిగ్రీల దగ్గర 69. అంటే భూమధ్యరేఖ వైపు వెళ్లేకొద్దీ అది 33 గంటల వడపోత గుండా చక్కగా జారిపోయి, నిదాన ప్రవాహం వేషం వేసుకుని కూర్చుంటుంది. అక్కడ వడపోత హద్దును అక్షాంశాన్ని బట్టి మార్చాలి. పుస్తకంలో 33 అని ఉంది కదా అని అన్నిచోట్లా అదే వాడకండి.

ఎన్నాళ్లు కొలవాలి? దిక్కూ సరిగ్గా ఉంది, పొరలూ అందాయి, వడపోతా అయింది. మిగిలిన అడ్డ ప్రవాహం సగటు చుట్టూ సెకనుకు ఐదు సెంటీమీటర్లు ఊగుతోంది అనుకోండి. మూడు రోజులకోసారి గానీ కొత్త సమాచారం రాదనుకోండి, ఎందుకంటే ఈ రోజు విలువ నిన్నటి విలువకు దగ్గరే ఉంటుంది. తొంభై రోజుల రికార్డులో అలాంటి స్వతంత్ర విలువలు ముప్పై. ఐదును ముప్పై వర్గమూలంతో భాగిస్తే 0.9. అంటే మూడు నెలలు కొలిచాక, సెకనుకు ఒక సెంటీమీటరు సగటు వచ్చిందంటే, దాని అనిశ్చితి 0.9. ఉందని చెప్పలేం, లేదని చెప్పలేం. ఏడాది కొలిస్తే 0.45కు దిగుతుంది. పది నిమిషాలకోసారి కొలిచాం, వేల విలువలున్నాయి అని ఆ వేల వర్గమూలంతో భాగించినవాళ్ల అంకెలు చూడ్డానికి అందంగా ఉంటాయి. నమ్మకండి.

అలలు మోసే నీరు

ఇంతవరకు ఒక లోతులో స్థిరంగా నిలబడి ప్రవాహం చూశాం. కానీ నీటి పొర నిలబడి ఉండదు కదా. అంచు దగ్గర ఆటుపోట్లు వాలును కొట్టి అంతర్గత అలలను పుట్టిస్తాయి. వాటితో సాంద్రత పొరలు పది, ఇరవై మీటర్లు పైకీ కిందకీ ఊగుతాయి. పొర మందంగా ఉన్న క్షణంలో లోపలికి, పలచగా ఉన్న క్షణంలో బయటికి కదిలితే ఏమవుతుంది? వేగాల సగటు సున్నా. కానీ నీరు లోపలికి పోతుంది!

అంకెల్లో చూద్దాం. పొర మందం పది మీటర్ల మేర ఊగుతోంది, వేగం సెకనుకు 20 సెంటీమీటర్ల మేర ఊగుతోంది, రెండూ ఒకే లయలో. పదిని 0.2తో గుణించి సగం చేయండి. మీటరు తీరానికి సెకనుకు ఒక ఘనపు మీటరు. అవును, మళ్లీ ఒకటే. గాలి ఎంతో నేల ఎంతో ఇదీ అంతే, అందుకే దేన్నీ వదిలేయడానికి లేదు. పై పొర, కింది పొర రెండింటిలోనూ ఈ మోత, అంటే అల నీటిని మోసుకుపోవడం, అల పోయే వైపే, అంటే తీరం వైపే ఉంటుంది. తీరం మూసి ఉంది కాబట్టి దానికి బదులుగా ఎక్కడో నీరు వెనక్కి రావాలి. స్థిరమైన లోతులో ఉన్న పరికరానికి ఆ వెనక్కి వచ్చేది మాత్రమే కనబడుతుంది. అంటే నీరు బయటికి పోతోందని మీరు రాస్తారు. సగం కథ చదివి తీర్పు చెప్పినట్టు.

దీన్ని పట్టుకోవాలంటే వేగంతో పాటు పొరల కదలిక కావాలి. మూరింగ్ తీగకు, అంటే అడుగున లంగరు వేసి నిలువుగా నిలిపిన తీగకు, ఐదు మీటర్లకొక థర్మిస్టర్ (ఉష్ణోగ్రత మాపకం) కట్టండి. 130 మీటర్లకు పాతిక దాకా పడతాయి. ప్రవాహం బలంగా ఉన్నప్పుడు తీగ వాలిపోతుంది కాబట్టి కనీసం మూడుచోట్ల పీడనమాపకాలు ఉండాలి, లేకపోతే తీగ వాలడాన్ని పొర కదలడం అనుకుంటారు. నమోదు నిమిషానికోసారి ఉండాలి. అంచు దగ్గర కొన్ని అలల కాలం ఇరవై నిమిషాలే. పది నిమిషాలకోసారి కొలిస్తే ఒక్కో అలకు రెండే చుక్కలు. ఇక గడియారాలు. ఏడీసీపీకీ థర్మిస్టర్‌కూ మధ్య పది నిమిషాల తేడా వచ్చిందనుకోండి, ఇరవై నిమిషాల అలలో అది సరిగ్గా సగం లయ. మోత దిక్కే తిరగబడుతుంది, లోపలికి అన్నది బయటికి అవుతుంది. దించే ముందు అన్ని గడియారాలనూ ఒకే జీపీఎస్ సమయానికి కలపండి. తీశాక ఎంత జరిగాయో రాసుకోండి. అన్నీ కలిపి ఒకేసారి మంచునీటి బకెట్‌లో ముంచితే, ఉష్ణోగ్రత పడిపోయిన క్షణం ప్రతి రికార్డులోనూ గుర్తుగా మిగులుతుంది. ఖర్చు లేని పని, కానీ ఎంతో విలువైంది.

ఉప్పు లెక్క, రేడియం లెక్క

సరే, ప్రవాహాన్ని నేరుగా కొలవడంలో ఇన్ని తలనొప్పులుంటే వేరే దారి లేదా? ఉంది. నీరు మోసుకెళ్లే గుర్తును కొలవడం. ఇది దిక్సూచితో పని లేని దారి, అందుకే మొదటి దారికి మంచి సాక్షి.

అన్నిటికన్నా పాతది ఉప్పు లెక్క. క్నుడ్‌సెన్ అనే సముద్ర శాస్త్రవేత్త 1900లో ఇచ్చాడు. షెల్ఫ్‌కు నది నీరు సెకనుకు 5,000 ఘనపు మీటర్లు వస్తోంది అనుకోండి. బయటి సముద్రపు లవణీయత (కిలో నీటిలో ఉప్పు గ్రాములు) 35, అంచు దాటి బయటికి పోయే నీటి లవణీయత 33. ఉప్పు ఎంత వస్తే అంత పోవాలి. లోపలికి వచ్చే సముద్రపు నీరు, 5,000 ఇంటు 33, భాగించు 2. అంటే 82,500 ఘనపు మీటర్లు. నదికి పదహారు రెట్లు! షెల్ఫ్ పొడవు 300 కిలోమీటర్లు, వెడల్పు 100, సగటు లోతు 80 మీటర్లు అనుకుని, మొత్తం షెల్ఫ్ సగటు లవణీయత కూడా 33 అనుకుంటే, మంచినీరు అక్కడ నిలిచే కాలం 317 రోజులు వస్తుంది.

ఎంత సులువుగా ఉందో చూశారా? ఇప్పుడు చెడగొడతాను. బయటికి పోయే నీరు 33 కాక 34.5 అనుకోండి. బయటి సముద్రపు 35తో తేడా అర యూనిట్టే. జవాబు 3,45,000. కొలతలో 0.1 తప్పి అది 34.6 అయితే? 4,32,500. పాతిక శాతం ఎగిరింది. లవణీయత, ఉష్ణోగ్రత, లోతు కొలిచే సీటీడీ పరికరం 0.003 దాకా ఖచ్చితమే, తప్పు పరికరానిది కాదు. బయటికి పోయే నీరు ఏదో తేల్చడంలో తప్పు. షెల్ఫ్ సగటును పెడుతున్నారా, అంచు దగ్గర పైపొరను పెడుతున్నారా? ఈ సూత్రానికి కావలసింది దాటే నీటి లవణీయత. నిలిచే కాలానికి కావలసింది షెల్ఫ్ మొత్తం ఘనపరిమాణపు సగటు. రెండూ వేరు. స్టేషన్లన్నీ కూడి వాటి సంఖ్యతో భాగించడం ఘనపరిమాణపు సగటు కాదు. స్టేషన్లు ఎప్పుడూ తీరం దగ్గర గుమిగూడి ఉంటాయి, తీరం దగ్గర లోతు తక్కువ. పైగా ఈ లెక్క పరిస్థితి నిలకడగా ఉందనీ, పక్క షెల్ఫ్ నుంచి నీరు రావడం లేదనీ అనుకుంటుంది. వరద నెలలో ఒక్కసారి కొలిచి ఈ లెక్క వేయకండి.

రేడియం సంగతి. అడుగు మట్టిలోని థోరియం నుంచి రేడియం పుట్టి ఉప్పునీటిలోకి విడుదలవుతుంది. అంటే షెల్ఫ్ నీటికి ఒక ముద్ర పడుతుంది. ఆ ముద్ర తనంతట తాను చెరిగిపోతుంటుంది. రేడియం-224 అర్ధ జీవితకాలం 3.66 రోజులు, 223ది 11.4 రోజులు, 228ది 5.75 సంవత్సరాలు. బయటికి పోయేకొద్దీ ఎంత తగ్గిందో చూస్తే నీరు ఎంత వేగంగా కలుస్తోందో తెలుస్తుంది. మిశ్రమ గుణకం సెకనుకు 100 చదరపు మీటర్లు అయితే, రేడియం-224 దాదాపు ఏడు కిలోమీటర్లకు మూడో వంతు పైచిలుకుకు తగ్గుతుంది. అదే గుణకానికి రేడియం-228కు 160 కిలోమీటర్లు పడుతుంది. కాబట్టి తీరం దగ్గరి కలయికకు 224, షెల్ఫ్ అంచు దాటే లెక్కకు 228. తారుమారు చేస్తే, ఒకటి అంచు చేరకముందే మాయమవుతుంది, ఇంకొకటి తీరం దగ్గర తగ్గనే తగ్గదు.

నమూనా ఎలా తీయాలి? రెండు వందల లీటర్ల నీటిని ముందు రేణువులు పోయేలా వడకట్టి, మాంగనీస్ డయాక్సైడ్ పూసిన యాక్రిలిక్ నార గుండా పంపాలి. నిమిషానికి లీటరు దాటనీయకండి, తొందరపడితే రేడియం నారకు అంటకుండానే దాటిపోతుంది. తర్వాత రేడియం లేని మంచినీటితో నారను కడిగి ఉప్పు పోగొట్టాలి. పిండి, నార బరువుకు నీటి బరువు 0.3 నుంచి 1 మధ్యలో ఉండేలా చూడాలి. మరీ పొడిగా ఉన్నా మరీ తడిగా ఉన్నా రేడియం నుంచి పుట్టిన రేడాన్ వాయువు బయటికి రాదు; మనం లెక్కించేది దాన్నే కాబట్టి లెక్క తక్కువ వస్తుంది. మొదటి లెక్కింపు మూడు రోజుల్లోపు ఓడ మీదే, 224 కోసం. వారం పది రోజులకు రెండోది, 223 కోసం. నెల తర్వాత మూడోది. ఈ మూడోది ఎందుకు? నారకు అంటిన థోరియం-228 కొత్తగా 224ను పుట్టిస్తూ ఉంటుంది, దాన్ని మొదటి లెక్కలోంచి తీసేయాలి. మూడోది మానేస్తే బయటి స్టేషన్లలో 224 ఉన్నదానికన్నా ఎక్కువ కనబడుతుంది, కలయిక వేగంగా ఉందని పొరపడతారు.

దూరానికి ఎదురుగా రేడియం పరిమాణపు లాగరిథం గీస్తే సరళరేఖ రావాలి. వంగితే ఆ సూత్రం వాడకండి. ప్రవాహమే మోసుకుపోతున్నట్టు, లేదా దారిలో నేల మళ్లీ రేడియం ఇస్తున్నట్టు. రెండోది షెల్ఫ్ మీద తరచుగా జరుగుతుంది. నీరు అడుగు దాకా కలిసిపోయి ఉన్న కాలంలో దారి పొడవునా ముద్ర కొత్తగా పడుతూనే ఉంటుంది. పైపొర అడుగుతో తెగి ఉన్న కాలంలోనే ఈ పద్ధతి నిలుస్తుంది.

రంగు వదిలి చూడడం గురించి ఒక్క మాట. రోడమైన్ అనే రంగు ద్రావణం సముద్రపు నీటికన్నా బరువైనది, అలాగే వదిలితే నేలకు దిగిపోతుంది. ఆల్కహాలు కలిపి, వదిలే చోటి నీటి సాంద్రతకు సరిచేసి వదలాలి. లోతును బట్టి కాదు, సాంద్రత పొరను బట్టి వదలాలి. ఇందాక చెప్పిన అంతర్గత అల ఆ పొరను గంటల్లోనే ఇరవై మీటర్లు ఎత్తిపడేస్తుంది. తేలియాడే డ్రిఫ్టర్లు అంచు దాటిన సంఖ్యను ప్రవాహంగా లెక్కకట్టకండి. అవి నీటితో పాటు కిందికి మునగలేవు. రెండు రకాల నీళ్లు కలిసే ఫ్రంటు దగ్గర నీరు మునుగుతుంటే ఇవి పైన పోగుపడతాయి. పైగా 15 మీటర్ల లోతున వేలాడుతూ నీటిని పట్టుకోవాల్సిన తెరచాప ఊడిపోయిందో లేదో ముందు చూసుకోవాలి. ఊడితే అది గాలిని కొలుస్తోంది, నీటిని కాదు.

ఒక ప్రశ్న వచ్చింది. ఒకే గీత మీద పైన బయటికి పోయేది, కింద లోపలికి వచ్చేది సమానంగా లేకపోతే కొలత తప్పినట్టేనా అని. కానక్కర్లేదు. ఆ గీత దగ్గర పోయిన నీరు యాభై కిలోమీటర్ల అవతల లోయలోంచి లోపలికి రావచ్చు. ఉత్తరార్ధగోళంలో తీరాన్ని ఎడమన పెట్టుకుని పోయే ప్రవాహం లోయ మీదుగా వెళ్తే లోతు నీరు లోయ వెంట పైకి వస్తుంది. కాబట్టి ఒక్క గీత మీద లెక్క సరిపోవాలని బలవంతంగా సరిచేయకండి. సరిపోలేదంటే పక్కన ఏదో ఉంది, దాన్ని వెతకండి. మూరింగుల మధ్య దూరం పది, ఇరవై కిలోమీటర్లు దాటితే ఒకదానికొకటి సంబంధం లేని కథలు చెబుతాయని కూడా గుర్తుంచుకోండి.

ఇంకో ప్రశ్న. ఒక్క మూరింగ్‌కే డబ్బుంటే ఎక్కడ వేయాలి? చాలామంది సరిగ్గా అంచు మీద వేస్తారు. నేను వేయమనను. అక్కడ వాలు నిటారు, సమలోతు రేఖ దిక్కు తేలదు, అంతర్గత అలలు అక్కడే పుడతాయి కాబట్టి లయలన్నీ కలగాపులగం. పది కిలోమీటర్లు లోపలికి రండి. వంద మీటర్ల లోతు, రేఖలు తిన్నగా ఉన్న చోటు, దగ్గర్లో లోయ లేని చోటు చూసుకోండి. అడుగున 150 కిలోహెర్ట్జ్ ఏడీసీపీ, తీగకు థర్మిస్టర్లు, పైన ఒకటి, కింద ఒకటి లవణీయత మాపకాలు. లవణీయత సెల్‌లో నాచు పట్టి విలువ మెల్లగా కిందికి జారుతుంది కాబట్టి మూడు నెలలకోసారైనా పక్కనే సీటీడీ దించి సరిచూడండి. ఏడాది ఉంచండి. మిగిలిన డబ్బుతో రెండో మూరింగ్ కొనకండి, నాలుగు రుతువుల్లో నాలుగుసార్లు ఓడ మీద వెళ్లి తీరం నుంచి వెయ్యి మీటర్ల లోతు దాకా సీటీడీ గీత గీయండి, ఆ ఓడలోనే రేడియం నారలు కూడా పట్టుకెళ్లండి.